జొన్నరొట్టెకు తోడుగా పప్పు తినవలసిన కారణము

హైదరాబాదు నగరములో చార్మినారునకు సమీపముననున్న మీరాలం మండికి చుట్టుపట్ల గ్రామములనుండి తరతరములుగా కూరగాయలు వచ్చుచున్నవి. పండినవానిలో మేలైనది బజారునకు పోవుటయు, మిగిలినది యింటికి దక్కుటయు రైతుల యిండ్లలో వాడుకయే. కంది, పాలు, గ్రుడ్లు అమ్ముకొని, పట్టాభూమి గల రైతుసైతము జొన్నరొట్టెను మిరపకాయ తొక్కుతో తిని పొలమునకు పోవుట కద్దు. దానివలన కడుపు నిండునే గాని దేహమునకు కావలసినదంతయు అందదు. ఇట్టి తిండివలన కలుగు కీడు ఈ నగరపు దవాఖానాలలోనే రుజువైనది.

ఆ రోగము పేరు పెల్లాగ్రా. ఎండ తగులుచోట్ల, అనగా ముంజేతులమీదను, పాదములమీదను, మెడచుట్టును చర్మము నల్లబడి, గరుకై, పొలుసులు లేచును. రెండు చేతులకును ఒకే తీరున వచ్చుటయు, బట్ట కప్పినచోట రాకుండుటయు దీని గుర్తులు. పిమ్మట నాలుక ఎఱ్ఱబడి మండును, విరేచనములు పట్టుకొనును, నిద్ర పట్టదు, మతి చెదరును. గాలి సోకినదని తలచి కాలహరణము చేసినచో ప్రాణహాని కలుగును.

1937లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎల్వెజెం, కుక్కలకు వచ్చు ఇట్టి రోగము నికోటినిక్ ఆమ్లము అను విటమినుచే కుదురునని కనుగొనెను. అది మనుష్యులకును పనిచేసెను. దానినే నియాసిన్ అందురు. మొదటి పేరు వినగానే పొగాకు జ్ఞప్తికి వచ్చును గాని, చుట్ట కాల్చుటవలన ఈ విటమిను లభింపదు.

ఇతర దేశములలో ఈ రోగము మొక్కజొన్న తినువారికి వచ్చెను. ఇచ్చట జొన్న తినువారిలో కనబడెను. కూనూరులో 1918లో మెకారిసన్ దొర ప్రారంభించిన ఆహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి గోపాలన్, శ్రీకాంతయ్యగార్లు, జొన్నలో అధికముగా నున్న ల్యూసిన్ అను పదార్థము ఇందుకు హేతువని 1960లో ప్రకటించిరి. ఈ హేతువును కొందరు శాస్త్రజ్ఞులు ఒప్పుకొనలేదు. చికిత్సనుగూర్చి మాత్రము వివాదము లేదు.

ఇందువలన జొన్న చెడ్డదని యెంచరాదు. జొన్న ఒక్కటియే తినుట చెడ్డది. పప్పులు, పాలు, గ్రుడ్లు, మాంసములలోనుండు ట్రిప్టోఫాన్ అను పదార్థమునుండి దేహము తానే నియాసిన్ చేసికొనును. 60 మిల్లీగ్రాములకు సుమారు 1 మిల్లీగ్రాము తయారగును. పల్లీలలో నియాసిన్ సిద్ధముగానే సమృద్ధిగా నున్నది. రైతు చేనిలో జొన్నసాళ్ల నడుమ కందిసాలు వేయుట పూర్వాచారము. చేనిలో కలిసి పెరిగినవి కంచములోనికి వచ్చునప్పటికి ఏల విడిపోవలెనో తెలియదు.

1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట జొన్నతిండి తగ్గినది, పెల్లాగ్రాయు అరుదైనది. అధికముగా సారా త్రాగి, తిండి మానినవారిలో ఇప్పటికిని కనబడుచుండును. కాని తెల్లగా పట్టించిన బియ్యములో తవుడుతోబాటు విటమినులును పోవును. గంజి వార్చి పారబోసినచో మిగిలినవానిలోను కొంత పోవును. కావున పప్పు, ఆకుకూరల యవసరము అన్నము తినువారికిని తప్పలేదు.

పై సంస్థ 2024లో ప్రకటించిన సూచనలప్రకారము, 2000 కేలరీల దినభోజనములో 250 గ్రాముల ధాన్యమునకు 85 గ్రాముల పప్పుదినుసులు ఉండవలెను. పొలములో కష్టపడువారికి ఇంకను ఎక్కువ కావలెను. అందరికి వడ్డించి చివర తిను స్త్రీలకు గిన్నెలో పప్పు మిగులుట అరుదు. బాలింతల విషయమున ఇది మిక్కిలి హానికరము.

ఈ లెక్కను అయిదుగురున్న యింటికి సంవత్సరమునకు సుమారు 155 కిలోల పప్పు కావలెను. అంతయు కందియే అయినచో, పొట్టును నూకయు పోవును గనుక, 2 క్వింటాళ్లకు పైగా కందులు తీసిపెట్టవలసియుండును. కంది రాశి కాగానే, బండి బజారునకు కట్టకముందే, ఈ భాగమును వేరుచేసి గాదెలో పోయవలెను.