కేంద్రములో కంప్యూటరు – గట్టుమీద పని



ఖరీఫులో మీరు వరి నాటిన పిదప, గ్రామ వ్యవసాయ సహాయకుడు ఫోనో, టాబ్లెట్టో చేతబట్టుకొని మీ గట్టుమీదికి వచ్చును. సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, రకము అడిగి నమోదు చేసికొని, చేను ఫోటో తీసికొని పోవును. దీనినే ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు అందురు. రేపు ధాన్యము అమ్ముకొనుటకును, తుపానులో చేను మునిగినపుడు నష్టపరిహారము కోరుటకును ఈ నమోదే ఆధారము. ఆనాడు గట్టుమీద నమోదైన నాలుగు మాటలు కేంద్రమునకు చేరకపోయినచో, బంగారము వంటి మీ పైరు ప్రభుత్వపు లెక్కలో బీడుగానే మిగిలిపోవును. కావున ఆ మాటలు ఎచ్చటికి, ఎట్లు పోవుచున్నవో మీరును తెలిసికొనుట మంచిది.

ఊరూరా సిబ్బంది

పూర్వము గ్రామసేవకుడు రిజిస్టర్లు చంకన పెట్టుకొని బ్లాకు ఆఫీసుకు పోయి లెక్కలు అప్పగించెడివాడు. ఇప్పుడు ఆఫీసే ఊరికి వచ్చినది. 2020 మే 30న రాష్ట్రములో 10,000కు పైగా గ్రామ కేంద్రములు ప్రారంభమైనవి. 2024లో వీటికి రైతు సేవా కేంద్రములని పేరు మార్చిరి. సిబ్బంది ఇట్లు ఊరూరా చెదరియున్నపుడు ఒక చిక్కు కలదు. యంత్రము చెడినచో బాగుచేయువాడు ఊరిలో ఉండడు. లెక్కల పద్ధతిలో చిన్న మార్పు వచ్చినను, వేల యంత్రములలో విడివిడిగా ఆ మార్పు చేయుట తలకు మించిన పని. దీనికి రెండు మార్గములు కలవు.

మొదటి మార్గము – కాలువ నీరు

ఈ పద్ధతిలో అసలు పని అంతయు కేంద్రములోని పెద్ద కంప్యూటరులోనే జరుగును. దీనిని సర్వరు అందురు. ఊరిలోని యంత్రము కిటికీ వంటిది మాత్రమే. సహాయకుడు మీట నొక్కగానే ఆ కబురు సర్వరుకు పోవును. సర్వరు పని ముగించి, తెరమీది బొమ్మను మాత్రము తిరిగి పంపును. ఒక కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకొను ఏర్పాటును అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1961లోనే చేసి చూపిరి. 1998లో మైక్రోసాఫ్టు కంపెనీ ఈ సౌకర్యముతో విండోస్ ఎన్.టి. 4.0లో ప్రత్యేకమైన రకమును విడుదల చేసినది.

దీనివలన లాభములు కలవు. మార్పు ఒక్కచోట చేసిన చాలును, అన్ని ఊళ్లకు అందును. ఊరిలోని యంత్రము పోయినను, పగిలినను రైతుల లెక్కలు చెడవు. చవుక యంత్రముతోనే పని గడచును.

అయితే ఇది కాలువ నీరు వంటిది. తూము మూసిన, చేను ఎండును. లైను తెగినచో తెర కదలదు. లైను ఉన్నను కబురు రాకపోకలకు పట్టు కాలము ముఖ్యము. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండు ఉపగ్రహము ద్వారా పనిచేసినచో, మీట నొక్కిన పిదప జవాబు వచ్చుటకు అర సెకను పట్టును. అక్షరము అక్షరమునకు ఇట్లు ఆగవలసివచ్చిన ఎంత ఓపికగలవాడైనను విసుగుచెందును.

రెండవ మార్గము – చేనిలో బావి

ఈ పద్ధతిలో పనిచేయు సాధనము, అనగా యాప్, ఫోనులోనే ఉండును. సంకేతము లేనిచోట కూడ నమోదు చేసి, ఫోటో తీసి, ఫోనులో దాచవచ్చును. సంకేతము దొరికిన పిదప అన్నియు ఒక్కసారి కేంద్రమునకు పంపవచ్చును. ఒక ఫోటో 300 కిలోబైట్లు అనుకొందము. రోజుకు 40 ఫోటోలైన 12 మెగాబైట్లగును. సెకనుకు ఒక మెగాబిట్టు వేగము గల సాధారణ లైనుమీద ఇవి సుమారు రెండు నిమిషములలో చేరిపోవును. పాడేరు మన్యము వంటి కొండ ప్రాంతములలో ఈ పద్ధతియే అక్కరకు వచ్చును.

దీనిలోను లోపము కలదు. కేంద్రమునకు పంపక ముందే ఫోను పోయినచో ఆనాటి శ్రమ అంతయు పోవును.

కావున ఆఫీసులో కూర్చుండి చేయు బిల్లులు, విత్తనముల నిల్వ లెక్కలు మొదలగువానికి మొదటి మార్గమును, గట్టుమీది పనికి రెండవ మార్గమును వాడుట మేలు. కాలువ తల వద్ద ఎంత నీరున్న నేమి? చివరి ఆయకట్టుకు అందినపుడే అది మంచి కాలువ. ఏ ఏర్పాటునైనను సంకేతము అందని చివరి ఊరిలో పరీక్షించి చూచిన పిదపనే మంచిచెడ్డలు తేల్చవలెను.

సిబ్బంది గమనింపవలసినవి

1. పొలమునకు పోవుటకు ముందు ఫోను పూర్తిగా ఛార్జి చేసికొనవలెను. యాప్‌లో కొత్త మార్పు వచ్చియున్న, కేంద్రములో ఉండగనే దింపుకొనవలెను.

2. ఏనాటి నమోదులు ఆనాటి సాయంత్రమే పంపవలెను. కేంద్రమునకు అందినట్లు గుర్తు వచ్చువరకు ఫోనులోనివి తొలగింపరాదు.

3. రహస్యపదమును తోటి ఉద్యోగికి కూడ చెప్పరాదు. యంత్రముపై వ్రాసి అంటించుట మరింత ప్రమాదము.

4. ఫోను పోయినచో ఆలస్యము చేయక పై అధికారికి తెలుపవలెను. ఆ ఫోనునుండి కేంద్రములోనికి దారి మూయుటకు వీలగును.

రైతులు చేయవలసినది

వేలిముద్ర వేయుటకు ముందు తెరమీది వివరములు చదువుకొనుడు. చదువు రానివారు ఇంటిలో పిల్లలచేత చదివించుకొనుడు. సర్వే నంబరులో ఒక అంకె తప్పినను మీ పంట మరియొకరి ఖాతాలో పడును. స్వర్ణ వేసినవారు స్వర్ణ అనియే నమోదైనదా అని చూచుకొనవలెను. కేంద్రములో జాబితా ప్రదర్శించినపుడు తప్పక పోయి మీ పేరు వెదకికొనుడు. పేరు లేకున్న, తప్పున్న వెంటనే చెప్పుడు. గడువు దాటిన పిదప చేయు మొరకన్న, గడువులోపల అడుగు ఒక్క ప్రశ్న మిన్న.

యంత్రము ఎంత గొప్పదైనను మనము చెప్పిన మాటనే దాచును. ఆ మాట సరిగా చెప్పుటయు, అది చేరినదో లేదో చూచుకొనుటయు మన చేతిలోని పనులు. గట్టు తెగినదేమోయని రాత్రివేళ లాంతరు పట్టుకొని పోయి చూచు రైతుకు ఈపాటి జాగ్రత్త పెద్ద పని కాదు.