ఖాతా నాది... ఓటీపీ ఆయనది!

'పర్సనల్ కంప్యూటర్' అంటే సొంత కంప్యూటర్ అని కదా అర్థం! ఒకప్పుడు అది బల్ల మీద దర్జాగా కూర్చునేది. దానికో గది, పైన గుడ్డ ముసుగు, చెప్పులు విప్పి లోపలికి రావాలనే మర్యాద! అదే కంప్యూటర్ చిక్కి చిక్కి ఇప్పుడు అరచేతిలోకి వచ్చేసింది. మనం దాన్ని ఫోను అంటున్నాం గానీ, రోజు మొత్తంలో మాట్లాడేది ఎంతసేపని? మిగతాదంతా చీటీల లెక్కలు, గ్యాసు బుకింగు, పిల్లల హోంవర్కు, ఫొటోలు, కరెంటు బిల్లు... ఇవన్నీ కంప్యూటర్ పనులు కాక మరేమిటి?

అయితే ఒక్క అనుమానం. అందరూ దీన్ని జేబు కంప్యూటర్ అంటారు. మరి చీర కట్టుకునే మనకు జేబేదీ?

ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. అమెరికాలో పామ్ పైలట్ అనే చేతి కంప్యూటర్‌ని రూపొందించిన జెఫ్ హాకిన్స్, యంత్రం తయారు కాకముందే అదే సైజులో ఒక చెక్కముక్కను చేయించుకుని చొక్కా జేబులో వేసుకు తిరిగాడట. జేబులో ఇమిడితేనే జనం కొంటారని ఆయన లెక్క. 1996లో ఆ యంత్రం బజారుకు వచ్చింది. అంతకంటే ముందే, 1984లో, ఇంగ్లండులో సయాన్ ఆర్గనైజర్ అని ఒకటి వచ్చింది. 1990ల్లో మన ఊళ్లలో కూడా కొందరు ఆఫీసర్ల చొక్కా జేబుల్లోంచి డిజిటల్ డైరీలు తొంగిచూసేవి. అన్నింటికీ కొలత ఒకటే... చొక్కా జేబు! చీర కొలత ఎవరూ తీసుకున్నట్టు లేదు.

కానీ మనవాళ్లేం తక్కువ తినలేదు. మా పక్క పెద్దవాళ్లకు రొంటిన వక్కాకు తిత్తి ఉండేది. అందులో వక్కలు, సున్నపు డబ్బీ, అట్టడుగున మడత పెట్టిన నోటు. ఆ తిత్తిలో చెయ్యి పెట్టే ధైర్యం ఇంట్లో మగాళ్లకు కూడా ఉండేది కాదు. కొంగున ముడేసిన చిల్లరా అంతే. నన్నడిగితే ఆడదాని పర్సనల్ అంటే అదీ! ఇప్పుడు ఆ తిత్తి స్థానంలోకి ఫోను వచ్చింది. మరి తిత్తికున్న మర్యాద దీనికి ఉందా? అదే అసలు ప్రశ్న.

నా పుట్టిల్లు కుప్పం. మెట్టింది మదనపల్లె. చెల్లెల్ని ఇచ్చింది పుంగనూరు. మదనపల్లెలో బస్సెక్కితే పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరతాను. ఈ దారిలో మూడు ఇళ్లు, మూడు ఫోన్లు, ముగ్గురు ఆడవాళ్లు. ఒక్కొక్కరిదీ ఒక్కో అనుభవం.

అత్త అడిగితే చెప్పాల్సిందే!

మా అత్తకు అక్షరం ముక్క రాదు. ఎకరన్నర టమోటా తోట మాత్రం ఆమె కనుసన్నల్లోనే నడుస్తుంది. మదనపల్లె టమోటా మార్కెట్ సంగతి తెలిసిందే కదా! 2023 జూలైలో కిలో 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది ఇక్కడే. కోత కూలి కూడా గిట్టక రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసేదీ ఇక్కడే. ధర తెలియకుండా కోతకు దిగితే నిలువునా మునిగినట్టే.

ఇదివరకు ఆ ధర మగవాళ్ల నోటి నుంచి వినాలి. వాళ్లు మండీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగాక చెబితే చెప్పినట్టు. ఇప్పుడు తెల్లారుజామునే అత్త ఫోనులో మైకు బొమ్మ నొక్కి, "ఈ పొద్దు మదనపల్లె టమోటా రేటు ఎంత?" అని గట్టిగా అడుగుతుంది. పక్కింటివాళ్లను కేకేసినట్టే! ఆ జవాబుతో సరిపెట్టుకోదు. మండీలో ఉన్న తెలిసినాయనకు వాయిస్ మెసేజ్ పెట్టి రెండు ధరలూ సరిచూసుకుంటుంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే ఫొటో తీసి వ్యవసాయ సహాయకుడికి పంపిస్తుంది. తక్‌పట్టీ ఇంటికి రాగానే దానికీ ఒక ఫొటో. "కాయితం ఎలకలు కొరుకుతాయి, ఇది కొరకవు" అంటుంది.

ఇబ్బందులు లేవని కాదు. పొలంలో మట్టి చేతులతో తాకితే తెర కదలదు. ఎండలో అక్షరం గాని బొమ్మ గాని కనబడదు. ఇక బంధువులంతా పొద్దున్నే పంపే 'శుభోదయం' పువ్వులతో వారానికోసారి ఫోను నిండిపోతుంది. ఆ పువ్వుల్ని ఏరిపారేయడం నా డ్యూటీ. "కలుపు తీసినావా?" అని అడుగుతుంది అత్త!

కమ్మలు కుదువకు ఎందుకు పోయాయంటే...

పుంగనూరు అనగానే అందరికీ ఆవు గుర్తుకొస్తుంది. మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవు. మనిషి చిన్నదైనా పని ఘనంగా చేస్తే మా వైపు ఆ ఆవుతోనే పోలుస్తాం. మా చెల్లెలు కూడా అంతే! ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్స్ వేస్తుంది. గిరాకీల కొలతలు ఒకప్పుడు క్యాలెండరు వెనక రాసుకునేది. నెల మారి కాగితం చింపితే కొలతలూ గల్లంతు! ఇప్పుడవన్నీ ఫోనులోనే. మెడ డిజైనుకు ఫొటో, చేతుల పొడుగుకు అంకె, ఎప్పటికి ఇవ్వాలో తేదీ. మిగిలిన జాకెట్టు ముక్కలతో ఫోను సంచులు కుట్టి అమ్ముతుంది. లంగాకు జిప్పు జేబు పెట్టించుకునేవాళ్లూ ఎక్కువయ్యారట. చూశారా, జేబు లేదని ఎవరూ ఏడుస్తూ కూర్చోలేదు!

అయితే ఫోను చేతిలో ఉన్నా, డబ్బు మాత్రం చేతిలో లేదు. ఆమె బ్యాంకు ఖాతా తెరిచే నాటికి ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే, మా మరిదిది. ఫారంలో ఆ నంబరే రాశారు. తర్వాత చెల్లెలు సొంతంగా ఫోను కొనుక్కుంది. ఖాతాలో నంబరు మాత్రం మారలేదు. మిషను పక్కన అంటించిన స్కానరుకు గిరాకీలు డబ్బు కొడితే ఆమె ఖాతాలోనే పడేది. కానీ ఆ మెసేజి, ఓటీపీ, డబ్బు పంపించే యాప్... అన్నీ బెంగళూరులో పనిచేసే మరిది ఫోనులో! ఏటీఎం కార్డు కూడా ఆయన పర్సులోనే ఊరు దాటింది.

ఒక రాత్రి బిడ్డకు జ్వరం ముదిరింది. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు. ఖాతాలో ఆమె కుట్టి సంపాదించిన డబ్బే 18 వేలుంది. మరిదికి ఫోను మీద ఫోను. ఆయన పగలంతా పనిచేసి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. చివరికి చెల్లెలు తెలిసినవాళ్ల దగ్గర చెవి కమ్మలు కుదువ పెట్టి డబ్బు కట్టింది. సొంత డబ్బు ఖాతాలో ఉండగా వడ్డీకి అప్పు! బిడ్డకు నయమైంది గానీ, ఆ రాత్రి సంగతి చెల్లెలి మనసులోంచి పోలేదు.

జ్వరం తగ్గిన వారానికే పాసుపుస్తకం, ఆధార్ కార్డు తీసుకుని తన బ్యాంకు శాఖకు వెళ్లింది. నంబరు మార్చమని ఫారం ఇచ్చింది. మూడో రోజుకు ఆమె ఫోనుకు మొదటి మెసేజి వచ్చింది. తర్వాత తన ఫోనులోనే యూపీఐ పెట్టుకుని, పిన్ను తనే వేసుకుంది.

మా మరిది చెడ్డవాడు కాదు. అయినా మనసు చివుక్కుమంది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"నమ్మకం ఉండబట్టే నిన్ను బెంగళూరుకు పంపించి నేనొక్కదాన్నే ఈడ ఉండాను మావా! అర్ధరాత్రి బిడ్డకు జొరమొస్తే నమ్మకాన్ని ఏటీఎంలో పెడితే దుడ్లు రావు కదా!" అంది చెల్లెలు. మరిది నవ్వేశాడు. ఈ జవాబు ఆమె సంఘం మీటింగులో చెబితే, ఆ నెల్లోనే మరో ముగ్గురు బ్యాంకుకు వెళ్లారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న ఆడవాళ్లు నూటికి 49 మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్లు 21 మంది. మగవాళ్లలోనేమో 49 మంది! ఇంట్లో ఫోను ఉండటం వేరు, ఆడవాళ్లకు ఫోను ఉండటం వేరు అని దీన్నిబట్టి తెలియడం లేదూ?

కుప్పంలో ముగ్గుల తాళం

కుప్పంలో మూడు భాషలు కలగలిసి ఉంటాయి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బెంగళూరు రైలెక్కితే కన్నడం. ఫోనుకు కూడా ఏ రాష్ట్రం టవరు పట్టుకోవాలో తెలియక తికమకపడుతుంది!

ఆ బెంగళూరులోనే మనలాంటి వాళ్ల కోసం ఒక చేతి కంప్యూటర్ పుట్టిందని ఎందరికి గుర్తుంది? దాని పేరు సింప్యూటర్. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి దాన్ని 2001లో చూపించారు. చదువు రానివాళ్లు కూడా వాడుకునేలా బొమ్మలు, మన భాషల్లో మాటలు. ఊరంతటికీ ఒక యంత్రం ఉంటే చాలు, ఎవరి వివరాలు వాళ్ల స్మార్ట్ కార్డులో ఉంటాయి. ఎవరి కార్డు వాళ్లు పెట్టుకుంటే అప్పటికది వాళ్ల సొంత కంప్యూటర్ అన్నమాట! 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దాన్ని తయారుచేసి అమ్మింది. ఎందుకో జనంలోకి పోలేదు. అమ్మకాలు కొన్ని వేలతోనే ఆగిపోయాయి. కానీ యంత్రం పది మందిదైనా, అందులో ఎవరి గుట్టు వాళ్లదే అన్న ఆ ఆలోచన ఎంత బాగుందో చూడండి. ఒకే ఫోనుతో నెట్టుకొచ్చే ఇళ్లకు ఈనాటికీ పనికొచ్చే మాట అది.

2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో కంప్యూటర్ కేంద్రాలు పెట్టారు. అందులో నాకు అన్నింటికంటే నచ్చింది ఫొటోల పథకం. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, ఎండతో ఛార్జి అయ్యే పలక ఇచ్చి ఫొటోలు తీయడం నేర్పించారు. అప్పట్లో గుర్తింపు కార్డుకు ఫొటో కావాలంటే కూలి మానుకుని టౌనుకు పోవాలి. వీళ్లు సంచి భుజాన వేసుకుని ఊళ్లోకే వచ్చి, ఫొటో తీసి చేతిలో పెట్టేవాళ్లు. డబ్బు సంపాదించేవాళ్లు. ఆ కార్యక్రమం కొన్నేళ్లకు ముగిసింది. కెమెరా, ప్రింటరు, సంచి మోసిన ఆడవాళ్ల పనిలో చాలాభాగం ఇప్పుడు ఒక్క ఫోనే చేసేస్తోంది. కానీ పనిముట్టు ఆడవాళ్ల చేతికే నేరుగా ఇస్తే ఏమవుతుందో కుప్పం అప్పుడే చూసింది.

మా అమ్మకు 70 దాటాయి. ఆమె ఫోనును మనవళ్లు ఆటలకు లాక్కుపోయేవాళ్లు. ఛార్జింగ్ అయిపోయాక తెచ్చి ఇచ్చేవాళ్లు! అంకెల తాళం పెడదామంటే "నాకు గుర్తుండదు మే" అంది. చుక్కల తాళం చూపించాను. మూడు వరసలు, వరసకు మూడు చుక్కలు. అమ్మ కళ్లు మెరిశాయి. "ఓసి, ఇది ముగ్గు కదా!" అంటూ ఒక మెలిక గీసింది. రెండోసారి అదే మెలిక తడుముకోకుండా గీసేసింది. మనవళ్లు వారం రోజులు ప్రయత్నించి ఓడిపోయారు. నాకు కూడా చెప్పలేదు. నేను అడగనూ లేదు!

ఇవి గుర్తుంచుకోండి

* మీ ఖాతాలో డబ్బు పడినప్పుడు మెసేజి ఎవరి ఫోనుకు వస్తోందో చూడండి. మీకు కాకపోతే పాసుపుస్తకం, ఆధార్ తీసుకుని మీ బ్యాంకు శాఖకు వెళ్లి నంబరు మార్పించుకోండి. ఆధార్‌లో మీ నంబరు లేకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్ర వేసి చేర్పించుకోవచ్చు.

* మనకు డబ్బు రావాలంటే పిన్ను కొట్టనక్కర్లేదు. 'పిన్ను కొడితే డబ్బు పడుతుంది' అని ఎవరన్నా చెబితే అది మోసమే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

* పోలీసులమనీ, సీబీఐ అనీ వీడియోలో బెదిరిస్తే ఫోను పెట్టేయండి. 'డిజిటల్ అరెస్టు' అనేది చట్టంలోనే లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

* స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ఫోను ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. దాన్ని వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. ఫోను పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, సంచార్ సాథీ ద్వారా దాన్ని పనిచేయకుండా ఆపించవచ్చు.

* రిపేరుకు ఇచ్చేముందు సిమ్ము తీసేయండి. సొంత ఫొటోలు వేరేచోట భద్రపరిచి, ఫోనులోంచి తొలగించండి. తాళం విప్పాల్సి వస్తే మీరే విప్పి, పని అయ్యేదాకా అక్కడే కూర్చోండి.

* చిన్న అక్షరాలతో కళ్లు నొప్పి పుట్టించుకోకండి. సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచుకోవచ్చు. భాషను తెలుగుకు మార్చుకోవచ్చు.

వచ్చే సంఘం మీటింగుకు పాసుపుస్తకంతో పాటు ఫోను కూడా తీసుకెళ్లండి. ఎవరి ఖాతాకు ఎవరి నంబరు ఉందో అందరూ ఒకసారి సరిచూసుకోండి. పదిమందిలో ఇద్దరిది మారినా, అర్ధరాత్రి రెండు జతల కమ్మలు కుదువకు పోకుండా ఆగుతాయి.