పాపభారం ఎవరిది? క్రైస్తవ బోధ, మన విశ్వాసం

సర్వ స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి శుభాలు కలుగుగాక!

ధార్మిక సోదరులారా! సోమల, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో మనమూ క్రైస్తవులూ తరతరాలుగా ఇరుగుపొరుగున జీవిస్తున్నాము. అయినా వారి విశ్వాసాన్ని గురించి మనలో కొందరు ఒకే మాట అంటుంటారు: వారి పాపాలను ఈసా (అలైహిస్సలాం) మోశారట, ఇక వారు ఏం చేసినా భయం లేదట! ఇది నిజమేనా? ద్వేషం ఉన్నచోట సైతం న్యాయాన్ని విడనాడరాదని మాయిదా సూరా 8వ ఆయత్ ఆదేశిస్తోంది. అలాంటప్పుడు ఇరుగుపొరుగు వారి విశ్వాసాన్ని ఉన్నది ఉన్నట్లుగా చెప్పడం మన బాధ్యత కాదా?

మదనపల్లెలో క్రైస్తవ ప్రచారం చేసిన సంస్థలలో ఆర్కాట్ మిషన్ ముఖ్యమైనది. అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి దానిని నడిపింది. ఆ మిషన్‌కు చెందిన జేకబ్ చేంబర్లెన్ తెలుగు బైబిల్ సవరణలో పాలుపంచుకొని, 1908లో మదనపల్లెలోనే మరణించారు. ఆ చర్చి అంగీకరించిన విశ్వాస గ్రంథాలలో 1563లో జర్మనీలో వెలువడిన హైడల్‌బర్గ్ ప్రశ్నోత్తరి ఒకటి. అందులో 129 ప్రశ్నలున్నాయి.

దాని మొదటి భాగం మనిషి దుస్థితిని వివరిస్తుంది. ఆదం అవిధేయత వల్ల మానవ స్వభావమే చెడిందని, పుట్టిన ప్రతి ఒక్కరూ పాపులేనని అది బోధిస్తుంది. యేసు మరణమే ఆ పాపానికి పరిహారమని రెండవ భాగం చెబుతుంది. విమోచన పొందినవాడు కృతజ్ఞతతో సన్మార్గంలో నడవాలన్నది మూడవ భాగం సారాంశం. మనవారు లేవనెత్తే ఆక్షేపణనే 64వ ప్రశ్న స్వయంగా లేవనెత్తుతుంది: ఈ బోధ మనుషులను నిర్లక్ష్యపరులుగా మార్చదా? మార్చదనీ, నిజమైన విశ్వాసి సత్కార్యాలు చేయకుండా ఉండలేడనీ దాని జవాబు. దుర్మార్గాన్ని వీడనివానికి మోక్షం లేదని 87వ జవాబు హెచ్చరిస్తుంది. అందరూ న్యాయపీఠం ఎదుట నిలబడాలని పౌలు కూడా కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో చెప్పాడు. కనుక పరలోకంలో లెక్క లేదని క్రైస్తవం బోధించడం లేదు.

మరి తేడా ఎక్కడ ఉంది? పాపభారం ఎవరిదన్న విషయంలో ఉంది. ఆదం (అలైహిస్సలాం) పశ్చాత్తాపపడగా అల్లాహ్ స్వీకరించాడని బఖరా సూరా 37వ ఆయత్ తెలియజేస్తోంది. క్షమించబడిన తప్పు సంతానానికి సంక్రమించదు. ఏ ప్రాణీ మరొకరి భారాన్ని మోయదని అన్‌ఆమ్ సూరా 164వ ఆయత్ స్పష్టం చేస్తోంది. శిశువు పాపంతో పుట్టదు. అయితే ఆదం సంతతి అంతా తప్పులు చేసేవారేననీ, వారిలో ఉత్తములు పశ్చాత్తాపపడేవారనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రవచించారు. మన తౌబాకూ షరతులున్నాయి: పాపాన్ని మానుకోవాలి, కుమిలిపోవాలి, మళ్లీ చేయనని సంకల్పించాలి. ఇతరుల హక్కును కాజేసి ఉంటే దానిని తిరిగి అప్పగించాలి.

సోదరులారా! అల్లాహ్ క్షమాశీలుడు కదా అనే ధీమాతో అప్పు ఎగవేసేవారు, అక్కచెల్లెళ్ల వారసత్వ వాటాను దిగమింగేవారు మనలో లేరా? ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకొని కూడా దివాలా తీసే మనిషిని గురించి సహీహ్ ముస్లిం హదీసులో ఉంది. అతడు ఒకరిని తిట్టాడు, ఒకరిపై నింద మోపాడు, ఒకరి సొమ్ము తిన్నాడు. అతని పుణ్యాలన్నీ బాధితులకు పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతనిపై వేయబడతాయి. ఇతరుల భారం మన మీదికి వచ్చే దారి ఇదే: మనం చేసిన అన్యాయానికి అది మూల్యం. పొరుగువారి విశ్వాసంపై మోపే అబద్ధపు నింద కూడా ఆ లెక్కలోకి రాదని ఎవరు హామీ ఇవ్వగలరు?

కనుక ఈ రోజే మన లెక్క మనం చూసుకుందాం. ఎవరి హక్కు మన వద్ద మిగిలి ఉందో, వారు ముస్లిమైనా ముస్లిమేతరులైనా, వారి గడప తొక్కి తిరిగి ఇచ్చేద్దాం. అల్లాహ్ మనకు సత్యం పలికే నాలుకను, స్వీకారయోగ్యమైన తౌబాను ప్రసాదించుగాక! ఆమీన్.