ఫిజీ, ఆస్ట్రేలియాల పొరుగు మైత్రి

2019వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన కాన్‌బెర్రా నగరమున ఫిజీ ప్రధాని బైనిమరామయు, ఆస్ట్రేలియా ప్రధాని మారిసనును ఒక యొడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. దానికి ‘వువలే’ భాగస్వామ్యమని పేరిడిరి. ఫిజీ భాషలో వువలే యనగా కుటుంబము. 2023 అక్టోబరులో రబుకా, ఆల్బనీసులు ప్రధానులుగా నుండగా దానిని మరల నూతనపఱచి విస్తరించిరి. న్యూజీలండు సైతము 2022లో ఫిజీతో నిట్టి యొప్పందమునే చేసికొనెను. ఎక్కడనో పసిఫిక్ మహాసముద్రమున జరిగిన యీ సంగతితో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములవారికేమి పని యని పాఠకులలో గొందఱు ప్రశ్నింపవచ్చును. పని కలదు. ఆ దీవుల చెఱకుతోటలలో తెలుగువారి చెమట యింకియున్నది. ఆ చెఱకునుండి చక్కెర తీసి లాభమనుభవించినది ఆస్ట్రేలియా కంపెనీ.

ఫిజీ చిన్న దేశము. మూడువందలకు పైబడిన దీవులన్నియు గూర్చినను మన పూర్వపు కరీంనగరు జిల్లాకు ఒకటిన్నర రెట్లు మాత్రమే యగును. జనసంఖ్య తొమ్మిది లక్షలు. 1879 మొదలు 1916 వఱకు అఱువదివేలమంది భారతీయులు అయిదేండ్ల కూలి కరారుపై నచటికి గొనిపోబడిరి. 1903 నుండి మద్రాసు రేవునను ఓడలు బయలుదేఱెను. విశాఖపట్టణము మొదలగు జిల్లాల తెలుగువారు, తమిళులతో పాటు, ఆ యోడలలోనే పోయిరి. ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిర్మిట్’ అయినది. పురుషునకు దినమునకొక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి. అదియు పని ముగించిననే. వీరిలో ననేకులకు యజమాని, సిడ్నీలో ముఖ్య కార్యాలయము గల కలోనియల్ షుగర్ రిఫైనింగు కంపెనీ. దీనబంధు ఆండ్రూసు 1915లో పియర్సనుతో గూడ ఫిజీకి పోయి, అచటి దురవస్థలను లోకమునకు వెల్లడించెను. మిగిలియున్న కరారులు 1920 జనవరి 1వ తేదీన రద్దయ్యెను. కరారు పోయినను కంపెనీ పోలేదు. భూమి యితరులది, మిల్లు కంపెనీది, కష్టము మాత్రము రైతుది.

ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడినప్పుడు మెట్‌పల్లి, కోరుట్ల, మేడిపల్లి ప్రాంతముల చెఱకు రైతు లేమనుకొనిరో మనకెఱుకయే. పొలమున గడ నిలిచియుండగా కొనువాడు లేకున్న రైతు గతి యేమి? ఫిజీ రైతు దశాబ్దములపాటు అట్టి ఒక్క కొనుగోలుదారుని ముంగిట నిలిచెను. ఎట్టకేలకు ఫిజీ స్వతంత్రమగుచున్న సమయమున ఇంగ్లండునుండి వచ్చిన న్యాయమూర్తి డెన్నింగు ప్రభువు, రాబడిలో రైతులకు నూటికి అఱువదియైదు పాళ్లు చెందవలెనని తీర్పు చెప్పెను. అట్లయిన మాకిచట వ్యాపారము గిట్టదని కంపెనీ తన మిల్లులను ప్రభుత్వమునకమ్మి 1973లో తరలిపోయెను. న్యాయమైన పాలు పంచవలసివచ్చినంతనే గిట్టుబాటు కాని వ్యాపారము అంతకు ముందెట్లు గిట్టినదో వేఱుగ వివరింపనక్కఱలేదు. ఫిజీలోని నాలుగు మిల్లులలో పెనాంగు మిల్లు 2016 నాటి తుపాను తరువాత మరల తెఱవబడలేదు.

ఈ పొరుగు దేశములు రెండును ఎల్లప్పుడును చెలిమితో నుండలేదు. 1987లో రబుకా రెండుసార్లు సైనికబలముతో ప్రభుత్వమును కూలద్రోసెను. 1986 జనాభా లెక్కలలో సగమునకు కొంచెము తక్కువగా నుండిన భారతీయులు 2007 నాటికి నూటికి ముప్పదియేడుకు దిగిరి. పోయినవారిలో పెక్కుమంది సిడ్నీ, బ్రిస్బేను, ఆక్లండు నగరములకే పోయిరి. 1997 మొదలుకొని ముప్పదియేండ్ల భూమికౌళ్లు తీఱిపోవుటచే నెన్ని కుటుంబములో తమ తండ్రులు బాగుచేసిన మళ్లను విడిచివచ్చెను. కౌలు సంగతి తెలిసిన మన పాఠకులకు దీని బరువు తెలియును. 2006లో బైనిమరామ మరల సైన్యముతో అధికారము కైకొనగా, ఆస్ట్రేలియా, న్యూజీలండులు ఆంక్షలు విధించెను. 2009 నవంబరులో ఫిజీ ఆ రెండు దేశముల హైకమిషనర్లను వెడలగొట్టెను. చైనా ఆ సందున ఫిజీకి చేరువయ్యెను. 2014లో ఎన్నికలు జరిగిన పిమ్మట ఆస్ట్రేలియా ఆంక్షలు తొలగెను.

ఈ కలహమునుండి ఫిజీ నేర్చినదానికంటె ఆస్ట్రేలియా నేర్చినదే యెక్కువ యని మా తలంపు. చిన్న పొరుగువానిని వెలివేసిన యెడల వాడు ఒంటరి కాడు, వేఱొకని పంచ చేరును. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీని చెండాడి 44 మందిని పొట్టన బెట్టుకొన్నప్పుడు ఆస్ట్రేలియా, న్యూజీలండుల యుద్ధనౌకలు ఆహారము, గుడారములు గొనిపోయెను. నాడీ చెంత నున్న బ్లాక్‌రాక్ సైనిక శిబిరమును పునర్నిర్మించుటకు చైనా ముందునకు వచ్చినను 2018లో ఆ పని ఆస్ట్రేలియాకే దక్కెను. ఉపకారము ఒకవైపుననే పాఱలేదు. 2020 జనవరిలో ఆస్ట్రేలియా అడవులు మండుచుండగా ఫిజీ తన సైనికులను యాబదిమందికి పైగా విక్టోరియాకు పంపెను. ఆ సంఖ్య చిన్నదే. పంపిన దేశమెంతటిదో చూచినచో చిన్నది కాదు.

సముద్రమట్టము పెఱుగుట విషయమున మాత్రము ఈ కుటుంబములో మాట కలియలేదు. 2019 ఆగస్టులో టువాలు దీవిలో జరిగిన పసిఫిక్ నాయకుల సభలో, బొగ్గు వాడకమును గూర్చి ఆస్ట్రేలియా ప్రధాని మెట్టుదిగకపోవుటచే బైనిమరామ బాహాటముగా ఆగ్రహము వెల్లడించెను. అట్లు చేసిన మఱుసటి నెలలోనే కాన్‌బెర్రాకు పోయి వువలేపై చేవ్రాలు చేసెను. దీనిని కొందఱు చపలత్వమందురు. మేమట్లనము. తగవును తగవుగా నుంచి, పనిని పనిగా నడపుటయే రాజనీతి. గోదావరి నీటికై మహారాష్ట్రముతో బాబ్లీ ఆనకట్ట విషయమున సుప్రీంకోర్టు వఱకు పోయి, 2013లో తీర్పు పొంది, పిదప 2016లో అదే మహారాష్ట్రముతో నూతన ప్రాజెక్టులకై ఒప్పందము చేసికొన్న మనకిది క్రొత్త పాఠము కాదు.

ఇక కూలి సంగతి. మన ప్రాంతమునకు మిక్కిలి చేరువైన విషయమిదియే. ఆస్ట్రేలియా 1863 మొదలు నలువదియేండ్లు పసిఫిక్ దీవులవారిని అఱువదివేల మందికి పైగా క్వీన్స్‌లండు చెఱకుతోటలకు దెచ్చెను. వారిలో మోసముచేతను బలిమిచేతను దేబడినవారు కలరు. 1901లో తెల్లవారి దేశము తెల్లవారికే యని చట్టము చేసి వారిని వెడలగొట్టెను. అదే ఆస్ట్రేలియా నేడు పండ్లు కోయుటకు, మాంసశాలలలో పనిచేయుటకు ఆ దీవులవారినే పిలుచుచున్నది. 2012లో ఋతుకూలీల పథకమేర్పడెను. 2015లో ఫిజీ అందు చేరెను. 2022లో దీర్ఘకాల పథకముతో అది యేకమయ్యెను. తొమ్మిది నెలల పని యొకటి, నాలుగేండ్ల వఱకు పని యొకటి. కూలివానిని రప్పింపగోరు యజమానికి ప్రభుత్వ ఆమోదముండవలెను. స్థానికునకెంత జీతమో వచ్చినవానికిని చట్టప్రకారమంతయే.

జగిత్యాల, సిరిసిల్లల పల్లెలలో దుబాయికో, సౌదీకో, కువైటుకో మనిషి పోని వాడ యరుదు. ఏజెంటు చేతిలో లక్షలు పోసి, అప్పు తీఱక మున్నే శవపేటికలో తిరిగివచ్చినవారి యిండ్లు మనమెఱుగుదుము. గల్ఫు దేశములతో భారతదేశమునకును కాగితముపై నొప్పందములు లేకపోలేదు. గల్ఫున మరణించినవారి కుటుంబములకు అయిదు లక్షల సాయమీయ తెలంగాణ ప్రభుత్వము 2024లో నిర్ణయించెను. మంచిదే, కాని యది చచ్చిన పిమ్మటి సంగతి. మనవాడు విమానమెక్కక మున్నే యజమాని యెవడో, జీతమెంతయో, ఆ దేశపు ప్రభుత్వము పూచీపడునట్టి కట్టుబాటు కావలెను. ఫిజీవంటి చిన్న దేశము దానిని సాధించుకొనగా, నూటనలుబది కోట్ల భారతదేశము ఏల సాధింపరాదు?

పసిఫిక్ పథకమునందును లోపములు గలవు. తెచ్చిన యజమానిని విడిచి వేఱొక చోటికి పోవుటకు కూలివానికి స్వేచ్ఛ లేదు. ఆ బంధము భరింపక పాఱిపోయినవారు కలరు. గిర్మిట్ వాసన పూర్తిగా వదలలేదని విమర్శించువారిని తప్పు పట్టలేము. ఫిజీలో వడ్రంగులు, మరమ్మతు పనివారు కఱవై, వారి చోట బంగ్లాదేశమునుండి కూలీలను రప్పించుకొనుచున్నారు. ఒకరి యింటి దూలము తీసి మఱియొకరి యింటికి వేయుట సహకారమగునా?

1926లో నాడీయందు సాధు కుప్పుస్వామి నెలకొల్పిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగము, తమ భాష మఱుగుపడుచున్నదని తెలుగువారు 1941లో వేఱుగ స్థాపించుకొన్న ఆంధ్ర సంగము, కూలీల సంతతివారి చందాలతో బడులు కట్టిన సంస్థలు. సన్మార్గ సంగము లంబాసాలో నర్సుల కళాశాలను సైతము నడుపుచున్నది. ఫిజీ ఆసుపత్రులలో కొలువుండిన నర్సులు నేడు వందలకొలది ఆస్ట్రేలియా, న్యూజీలండులకు పోవుచున్నారు. పోవుటకు వారికి హక్కు కలదు. అధిక జీతమును కాదనుమని యెవరును చెప్పలేరు. కాని ఒక నర్సును తయారుచేయుటకైన ఖర్చు ఫిజీది, సేవ ఆస్ట్రేలియాది యగుచున్నది. కుటుంబమని పేరు పెట్టుకొన్న రెండు ప్రభుత్వములును కూర్చుండి, ఆ ఖర్చులో నెవరి పాలెంతయో ముందుగా లెక్క తేల్చవలసియున్నది.