కుడిపక్క పెట్టె

గూగుల్‌లో ‘ఘంటసాల’ అని కొట్టి చూడండి. ఆ మాట కంటబడగానే మన చెవిలో పాట మోగుతుంది. యంత్రానికి ఆ చెవి లేదు. దానికి అవి నాలుగక్షరాలు, అంతే. కృష్ణా జిల్లాలో ఘంటసాల అనే ఊరుంది, పాత బౌద్ధ స్తూపం ఉన్న ఊరు. ఆ పేరే ఇంటిపేరైన గాయకుడు వెంకటేశ్వరరావు పుట్టిందేమో గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు బోలెడు కాబట్టి తెలుగువాడి పేరంటే యంత్రానికి ఎప్పుడూ తలనొప్పే. స్తూపం చూడబోయేవాడికి పాటల పట్టిక, పాట కావలసినవాడికి బస్సు దారి చూపిస్తే దాన్ని వెతికిపెట్టడం అనరు.

ఈ తికమక తీర్చడానికి పుట్టిందే ఫలితాల పేజీలో కుడిపక్కన కనిపించే పెట్టె. ఫోన్‌లో అయితే పైనే ఉంటుంది. ఫొటో, పుట్టిన తేదీ, ఊరు, భార్యాపిల్లలు, పాటలు అన్నీ పోపులపెట్టెలో దినుసుల్లా ఎక్కడివక్కడ గిన్నెల్లో ఉంటాయి. ఆ పెట్టె పేరు నాలెడ్జ్ ప్యానెల్. దాని వెనక సరుకంతా దాచిన భోషాణం పేరు నాలెడ్జ్ గ్రాఫ్.

ఆ సరుకు ఎవరు సమకూర్చారన్నదే అసలు కథ.

యంత్రానికి లోకజ్ఞానం నూరిపోయాలన్న కోరిక పాతదే. 1984లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో డగ్లస్ లెనాట్ ‘సైక్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. చెట్టుకు ఆకులుంటాయి, చచ్చినవాడు దుకాణానికి వెళ్లడు లాంటి ఇంగితజ్ఞానాన్నంతా చేత్తో రాసి కంప్యూటర్‌కి ఎక్కించాలని పట్టుబట్టాడు. అక్కడ పనిచేసినవాళ్లలో రామనాథన్ గుహ ఒకడు, మద్రాసు ఐఐటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అయితే పెట్టెకు తండ్రి ఎవరంటే నేను డానీ హిల్లిస్ పేరు చెబుతాను. 65,536 చిన్న ప్రాసెసర్లను ఒక్కచోట కట్టి ‘కనెక్షన్ మెషీన్’ అనే సూపర్ కంప్యూటర్ చేసిన మనిషి. అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ దొరికినట్టు ప్రతి పిల్లవాడికీ ఒక యంత్రగురువు దొరకాలని 2000లో ఒక వ్యాసం రాశాడు. అలాంటి గురువుకు పుస్తకాలు చాలవు, విషయాలన్నీ ముక్కలు ముక్కలుగా విడదీసి ఒకదానికొకటి ముడివేసి ఉండాలి. ఆ ఆలోచనే 2005లో మెటావెబ్ అనే కంపెనీ అయింది. 2007లో ఆ కంపెనీ ‘ఫ్రీబేస్’ను జనం ముందుకు తెచ్చింది. వికీపీడియాలాగే ఎవరైనా వచ్చి దిద్దవచ్చు. తేడా ఒక్కటే. వికీపీడియాలో వాక్యాలు రాస్తారు, ఇక్కడ గడులు నింపుతారు. ఘంటసాల వెంకటేశ్వరరావు అని ఒక గడి, పుట్టిన ఊరు అని ఒక ముడి, చౌటపల్లి అని ఇంకో గడి. ఇలా మూడు ముక్కలు కలిస్తే ఒక నిజం. చౌటపల్లి దగ్గర ఇంకో ముడి వేసి కృష్ణా జిల్లాకు కడితే, ఆయన ఏ జిల్లావాడో ఎవరూ ప్రత్యేకంగా రాయకుండానే యంత్రానికి తెలిసిపోతుంది.

2010 జులైలో గూగుల్ మెటావెబ్‌ను కొనేసింది. అప్పటికి ఫ్రీబేస్‌లో కోటీ ఇరవై లక్షల పైచిలుకు వస్తువులున్నాయి. రెండేళ్లు తిరక్కుండా, 2012 మే 16న, గూగుల్ ఇంజనీర్ అమిత్ సింఘాల్ నాలెడ్జ్ గ్రాఫ్‌ను ప్రకటించాడు. ఇక తాము వెతికేది అక్షరాల వరసను కాదు, ఆ అక్షరాలు సూచించే వస్తువును అన్నాడు. ఉదాహరణకు తాజ్‌మహల్‌ను తీసుకున్నాడు. ఆగ్రాలోని సమాధి కావచ్చు, గ్రామీ అవార్డు పొందిన ఒక అమెరికన్ సంగీతకారుడు కావచ్చు, అట్లాంటిక్ సిటీలోని జూదశాల కావచ్చు, మీ వీధి చివరి హోటల్ కూడా కావచ్చు. తొలిరోజు లెక్క 50 కోట్ల వస్తువులు, వాటి మధ్య 350 కోట్ల నిజాలు. 2020 నాటికి వస్తువులు 500 కోట్లు, నిజాలు 50 వేల కోట్లు అయ్యాయి.

ఇంత పెరిగాక తల్లికోడిని ఏం చేశారు? 2016 మేలో ఫ్రీబేస్‌ను మూసేశారు. పదివేల ఏళ్లు నడిచే గడియారానికి ఆలోచన చేసింది కూడా ఈ హిల్లిసే, ఆయన నాటిన ఫ్రీబేస్ మాత్రం తొమ్మిదేళ్లు బతికింది. అందులోని సరుకులో కొంత 2012 అక్టోబరులో మొదలైన వికీడేటాకు చేరింది. ఇదీ స్వచ్ఛంద కార్యకర్తలు నింపేదే, కాకపోతే లాభాపేక్ష లేని వికీమీడియా గొడుగు కింద ఉంటుంది. అక్కడ ప్రతి వస్తువుకూ ఒక నంబరు. విశ్వానిది క్యూ1, మనిషి అనే భావనది క్యూ5, తెలుగు భాషది క్యూ8097. నంబరుకు భాష లేదు, దానికి అంటించిన చీటీకే ఉంది. ఇంగ్లీషు చీటీ పక్కన ‘చౌటపల్లి’ అని తెలుగు చీటీ ఎవరో ఒకరు కూర్చుని అంటిస్తేనే యంత్రం ఆ ఊరిని తెలుగులో పలకగలదు. ఆ పని చేసేవాళ్లకు జీతాలు లేవు.

భోషాణంలోకి సరుకు వచ్చే దారి ఇంకొకటుంది. అది వెబ్‌సైట్ల గుమ్మం ముందు నుంచే వెళ్తుంది. 2009 మేలో గూగుల్ ‘రిచ్ స్నిపెట్స్’ మొదలుపెట్టి, మీ పేజీలో ఏది ధరో ఏది సమీక్షో గుర్తులు పెట్టండి, ఫలితాల్లో మేం నక్షత్రాలతో సహా చూపిస్తాం అని ఆశపెట్టింది. 2011 జూన్‌లో గూగుల్, బింగ్, యాహూ చేతులు కలిపి ‘స్కీమా డాట్ ఆర్గ్’ అనే ఉమ్మడి పదకోశం తెచ్చాయి. దాని వెనక ప్రధానంగా పనిచేసింది సైక్‌లో చూసిన ఆ గుహే. లెనాట్ కొందరు పండితులను కూర్చోబెట్టి రాయించబోయిన జ్ఞానాన్ని గుహ పద్ధతిలో లోకమంతా తనంత తనే రాసిపెట్టింది, నక్షత్రాల మీద ఆశతో.

ఆ రాత ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. మీరు గోంగూర పచ్చడి గురించి ఒక పేజీ రాశారు. పాఠకుడికి కనిపించేది ఫొటో, నాలుగు ముచ్చట్లు, కొలతలు. యంత్రానికి మాత్రం పేజీ అడుగున ఇంకో చీటీ రాస్తారు. రకం: వంటకం. పేరు: గోంగూర పచ్చడి. సమయం: పీటీ45ఎం. ముప్పావుగంట అంటే దానికి అర్థం కాదు. పీ అంటే కాలవ్యవధి, టీ అంటే ఇక్కణ్ణుంచి గంటలూ నిమిషాలూ అని. ఆ టీ మర్చిపోయి పీ45ఎం అని రాశారో, మీ పచ్చడికి నలభై అయిదు నెలలు పడుతుంది! ఎం గడియారం వైపు ఉంటే నిమిషం, క్యాలెండర్ వైపు ఉంటే నెల.

చీటీ రాస్తే ర్యాంకు పెరుగుతుందని గూగుల్ ఎప్పుడూ చెప్పలేదు. కానీ పది ఫలితాల మధ్య మీ ఒక్కరికే పచ్చడి ఫొటో, అయిదు నక్షత్రాలు ఉంటే వేలు అటే పోతుంది. ఇది తెలిసి అందరూ ఎగబడ్డారు. తమ కంపెనీకి తామే అయిదు నక్షత్రాలు వేసుకున్నారు, 2019 సెప్టెంబరులో గూగుల్ వాటిని చూపడం ఆపేసింది. పేరు పక్కన రచయిత ఫొటో వచ్చే ఏర్పాటు 2014లోనే పోయింది. ప్రశ్న–జవాబు చీటీలను 2023 ఆగస్టు నుంచి పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకే పరిమితం చేసింది. నెలల తరబడి ఆ చీటీలు రాసుకున్నవాళ్లకు ఒక ప్రకటనతో సరిపెట్టింది. అద్దింట్లో సొంత ఖర్చుతో గోడలకు రంగులేయించుకున్నట్టు అయింది వాళ్ల పని.

మొదట్లో ఉన్న బేరం తేలిక. నా పేజీ నువ్వు చదువుకో, బదులుగా మనుషుల్ని నా ఇంటికి పంపు. పెట్టె వచ్చాక మనుషులు వీధిలోనే కావలసింది తీసుకుని వెళ్లిపోతున్నారు. ఈ సంగతి గట్టిగా బయటపెట్టింది పాటల సాహిత్యం ప్రచురించే జీనియస్ అనే సైట్. తమ పాఠాలే గూగుల్ పెట్టెలో కనిపిస్తున్నాయని అనుమానమొచ్చి 2016 నుంచి ఒక ఎత్తు వేసింది. ఇంగ్లీషు పాటల్లో అక్షరలోపానికి పెట్టే కామాలాంటి గుర్తు నిటారుగానూ ఉంటుంది, వంపుగానూ ఉంటుంది. ఎవరూ గమనించరు. వీళ్లు ఒక్కో పాటలో నిటారువీ వంపువీ ఒక వరసలో పెట్టారు. నిటారును చుక్కగా, వంపును గీతగా తీసుకుని టెలిగ్రాఫ్ మోర్స్ లిపిలో చదివితే ‘రెడ్ హ్యాండెడ్’ అని వస్తుంది. అవే వంపులు గూగుల్ పెట్టెలో ప్రత్యక్షమయ్యాయి.

మేం కాపీ కొట్టలేదు, లిరిక్‌ఫైండ్ లాంటి సంస్థల దగ్గర లైసెన్సుకు తీసుకున్నాం అంది గూగుల్. 2019 డిసెంబరులో జీనియస్ అయిదు కోట్ల డాలర్లకు దావా వేసి ఓడింది. ఆ పాటల మీద కాపీరైటు రాసినవాళ్లదే గానీ, ఎక్కించిన సైటుది కాదు కదా. 2023లో అమెరికా సుప్రీంకోర్టు కూడా వినడానికి ఒప్పుకోలేదు.

ఇలాంటి ఉచ్చు అంతకుముందూ ఉంది. అమెరికాలోని కాన్సాస్‌లో ఒక టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీలో లేని మనుషుల పేర్లు కొన్ని ఇరికించింది. వాటిలో నాలుగు ఇంకో కంపెనీ డైరెక్టరీలో తేలాయి. దొంగ దొరికాడు, కేసు మాత్రం నిలవలేదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు నిజాలు, నిజం మీద ఎవరికీ కాపీరైటు ఉండదని 1991లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. పుట్టిన తేదీ ఎవడబ్బ సొత్తూ కాదని మనమూ ఒప్పుకుంటాం. కానీ ఆ తేదీ కోసం పాత రికార్డులు తిరగేసినవాడి శ్రమకు పెట్టెలో జాగా ఏదని నా పేచీ.

పెట్టెకు ఇంకో గుణముంది, తప్పును కూడా ఒప్పంత ధీమాగా చెబుతుంది. 2021 జూన్‌లో భారతదేశంలో అత్యంత వికారమైన భాష ఏదని అడిగితే ఫలితాల పైన వచ్చే జవాబు పెట్టె కన్నడ అని చూపించింది. కర్ణాటక భగ్గుమంది, గూగుల్ క్షమాపణ చెప్పింది. ఎక్కడో ఒక మూల పేజీలో ఉన్న పిచ్చిమాటను ఏరుకొచ్చి అందరికంటే పైన నిలబెట్టిన ఫలితమది. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో ఉంటున్న ఒక ఇంజనీరు తన పేరు కొట్టి చూసుకుంటే తన ఫొటో పక్కన ఒక హంతకుడి చరిత్ర ఉంది. ఇద్దరిదీ ఒకే పేరు. ఘంటసాల చిక్కే ఇది, ఈసారి మనిషి మెడకు చుట్టుకుంది.

మన గోంగూర పేజీకే వస్తే, చీటీలో చాలా గడులున్నాయి. సమయం, కొలతలు, ఎందరికి సరిపోతుంది, అన్నిటికీ చోటుంది. కడిగిన ఆకును నీడన తడారేదాకా ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది అన్న మీ అమ్మమ్మ మాటకు విడిగా గడి లేదు. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే మనిషి మీ పేజీ దాకా వచ్చేవాడు. 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో గూగుల్ కృత్రిమ మేధతో జవాబులు రాయించడం మొదలుపెట్టింది. దానికి చీటీలు, గడులు ఉండాలన్న పట్టింపు లేదు. అమ్మమ్మ వాక్యాన్ని అది నేరుగా చదివేసుకుంటుంది.