కంతు కట్టే చేతికి ఊతమేది?

పేదరికం అనగానే మన మనసులో మెదిలేది ఆదాయం తక్కువగా ఉండటం. ప్రపంచ బ్యాంకు కూడా దానినే కొలమానంగా పెట్టుకుంది. 1990లో రోజుకు ఒక డాలరు అన్నది. 2022లో ఆ గీతను 2.15 డాలర్లకు, 2025 జూన్‌లో 3 డాలర్లకు జరిపింది. ఆ గీతకు దిగువన ఉన్నవారు కడు పేదలని లెక్క.

అయితే బి.కొత్తకోట, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో కాయకష్టం చేసి బతికే కుటుంబాలకు ఇంకొక సంగతి అనుభవంలో ఉంది. రోజుకు ఇంత అని లెక్కగట్టే ఆదాయం పేదవాడికి రోజూ రాదు. వచ్చిన నెల వస్తుంది, రాని నెల రాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమోటా ధర 200 రూపాయల దరిదాపుకు వెళ్లింది. కోత కూలి కూడా గిట్టుబాటు కాక రైతులు పండిన కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులనూ అదే మార్కెట్ చూసింది. వానను నమ్ముకుని వేసే వేరుశనగ సంగతి చెప్పనే అక్కరలేదు. రైతు చేతిలో డబ్బు ఆడితేనే మన వాళ్ల మాంసం కొట్టు, పండ్ల బండి, కుట్టుమిషను, వెల్డింగ్ షాపు, ఆటో నడుస్తాయి. పంట పోతే రైతుతో పాటు వీరూ పస్తులుంటారు. అన్నం మాత్రం ప్రతి రోజూ కావాలి, బడి ఫీజు జూన్‌లోనే కట్టాలి, జబ్బు చెప్పి రాదు.

ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని పూడ్చేది అప్పు. అందుకే పేద దేశాల అభివృద్ధి గురించి గత యాభై ఏళ్లుగా ప్రపంచమంతటా జరిగిన చర్చలో అప్పుకు పెద్ద పీట దక్కింది. ఆ చర్చలో మన రాష్ట్రం పేరు రెండుసార్లు మార్మోగింది. ఒకసారి మంచికి, ఒకసారి చెడుకు. ఈ రెండు కథలూ మన ఇళ్లలో అందరూ తెలుసుకోవలసినవని మా అభిప్రాయం.

జోబ్రా గ్రామంలో మొదలైంది

1974లో బంగ్లాదేశ్‌ను కరవు కాటేసింది. అప్పుడు చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధిస్తున్న ముహమ్మద్ యూనుస్ తన క్లాసుగదిలోని సిద్ధాంతాలకు, గేటు బయట ఉన్న ఆకలికి పొంతన లేదని గ్రహించారు. పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలో వెదురు ముక్కాళ్లు అల్లే స్త్రీలు ముడిసరుకు కోసం వ్యాపారి దగ్గర అప్పు తీసుకునేవారు. ఆ అప్పు షరతు ప్రకారం సరుకంతా అతడు చెప్పిన ధరకే అతడికే అమ్మాలి. అలా చిక్కుకున్న వారెందరో లెక్క తీస్తే 42 మంది తేలారు. వారందరికీ కలిపి కావలసిన మొత్తం 856 టాకాలు, అంటే ఆనాటి 27 డాలర్లు! 1976లో యూనుస్ ఆ డబ్బు తన జేబులోంచే ఇచ్చారు. 1983లో అదే గ్రామీణ్ బ్యాంకుగా రూపుదిద్దుకుంది. పేద స్త్రీలు హామీ లేకుండా అప్పు తీసుకుని తీర్చగలరని ప్రపంచానికి చూపినందుకు 2006లో ఆయనకూ, బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి లభించింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ ముక్కాళ్లు అల్లే స్త్రీకి పని వచ్చు, సరుకుకు గిరాకీ ఉంది. లేనిదల్లా వ్యాపారి గుప్పిట్లోంచి బయటపడే కొద్దిపాటి పెట్టుబడి. అలాంటి చోట చిన్న అప్పు కూడా పెద్ద మేలు చేసింది.

మన పడమటి మండలాల్లో

మన రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలు 1980లలోనే మొదలయ్యాయి. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత పొదుపు ఉద్యమంగా అవి ఊరూరా విస్తరించాయి. 2000 సంవత్సరంలో ప్రపంచ బ్యాంకు సాయంతో ‘వెలుగు’ పథకం ఆరు జిల్లాల్లో ప్రారంభమైంది. ఆ ఆరింటిలో నాటి చిత్తూరు జిల్లా ఒకటి. అప్పట్లో బి.కొత్తకోట ఆ జిల్లాలోనే ఉండేది.

సంఘం పద్ధతి సులువైనది. పది పదిహేను మంది మహిళలు క్రమంగా సమావేశం కావాలి, పొదుపు చేయాలి, ఆ పొదుపులోంచి ఒకరికొకరు అప్పు ఇచ్చుకోవాలి, వాయిదా ప్రకారం తీర్చాలి, పుస్తకాలు రాయాలి. ఈ అయిదింటినీ పంచసూత్రాలన్నారు. సంఘాలు గ్రామ సమాఖ్యగా, గ్రామ సమాఖ్యలు మండల సమాఖ్యగా కూడాయి. బ్యాంకు గుమ్మం తొక్కడానికి జంకిన స్త్రీలు మేనేజరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడారు. బుర్ఖా వేసుకున్న అమ్మలు కూడా తీర్మానాల పుస్తకంలో సంతకం చేశారు. 2004 తరువాత పావలా వడ్డీ, 2012లో వడ్డీ లేని రుణాలు వచ్చాయి. ఇక్కడ నేర్చిన పాఠాల మీదనే 2011లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను దేశమంతటా తలపెట్టింది. చిత్తూరు వంటి కరవు జిల్లాల ఆడపడుచులు దేశానికి దారి చూపారంటే అతిశయోక్తి కాదు.

అదే రాష్ట్రం, ఇంకొక కథ

పేదలు అప్పు తీరుస్తారని రుజువయ్యాక లాభం కోసం అప్పులిచ్చే కంపెనీలు బయలుదేరాయి. అవి గ్రామీణ్ నుంచి వారం కంతును, గ్రూపు పూచీని తీసుకున్నాయి. పొదుపును, ఓపికను మాత్రం వదిలిపెట్టాయి. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరి కంతు కట్టడానికి ఇంకొకరి దగ్గర తీసుకోవడం మామూలయింది. ఒక స్త్రీ కట్టలేకపోతే మిగతా సభ్యులు ఆమె గుమ్మం ముందు కూర్చున్నారు. ఇరుగుపొరుగుల స్నేహమే పూచీగా తీసుకున్న అప్పు చివరికి ఆ స్నేహాన్నే మింగింది.

2006లో కృష్ణా జిల్లాలో అధికారులు కొన్ని సంస్థల శాఖలను మూయించారు. అయినా జోరు తగ్గలేదు. 2010 ఆగస్టులో ఒక పెద్ద సంస్థ షేర్లు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. అదే ఏడాది అప్పుల బాధతో ఆత్మహత్యల వార్తలు పత్రికల నిండా వచ్చాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు నెలకు ఒకసారే, అదీ బహిరంగ స్థలంలోనే జరగాలన్నది. వడ్డీ అసలును మించరాదన్నది. దానితో ప్రైవేటు సూక్ష్మరుణాలు రాష్ట్రంలో దాదాపు ఆగిపోయాయి. పేదవాడి అవసరం మాత్రం ఆగలేదు. చాలామంది మళ్లీ పాత వడ్డీ వ్యాపారి అరుగే ఎక్కారు.

మరి ఆ అప్పుల వల్ల మేలు జరిగిందా లేదా? దీనికి సమాధానం హైదరాబాదు బస్తీల్లోనే వెదికారు. 2005లో మొదలైన ఒక పరిశోధనలో 104 బస్తీలను తీసుకుని, చీటీలు వేసినట్టుగా సగం బస్తీలను ఎంచి, అక్కడ ముందుగా సూక్ష్మరుణ శాఖలు తెరిపించారు. తరువాత రెండు రకాల బస్తీలనూ పోల్చి చూశారు. అవకాశం వచ్చిన చోట కూడా నాలుగింట మూడు కుటుంబాలు ఆ సంస్థల అప్పు జోలికి పోలేదు. తీసుకున్నవారిలో అప్పటికే వ్యాపారం ఉన్నవారు దానిని కొంత పెంచుకున్నారు. కొందరు ఇంటికి కావలసిన వస్తువులు కొన్నారు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో స్త్రీ మాటకున్న విలువలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఈ పరిశోధకుల్లో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, 2019లో అర్థశాస్త్ర నోబెల్ పంచుకున్నారు.

అంటే అప్పు విషమూ కాదు, అమృతమూ కాదు. నడుస్తున్న కుట్టుమిషను పక్కన రెండో మిషను కొనడానికి తీసుకున్న అప్పు తనను తాను తీర్చుకుంటుంది. ఆస్పత్రి బిల్లుకో, పెళ్లి భోజనాలకో, ఎండిన బోరు పక్కన మరో బోరు వేయడానికో తీసుకున్న అప్పుకు కంతు కట్టవలసింది రేపటి అన్నంలోంచే.

లెక్క తెలుసుకుందాం

అప్పు తీసుకునే ముందు మన ఇళ్లలో అడిగే ప్రశ్న ‘వారానికి ఎంత కట్టాలి?’ అన్నది ఒక్కటే. అసలు వడ్డీ ఎంతో చూద్దాం. నూటికి నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 10,000 తీసుకుని వారానికి 230 చొప్పున 50 వారాలు కడితే మొత్తం 11,500 అవుతుంది. చూడటానికి 15 శాతమే. కానీ అసలు ప్రతి వారం తరుగుతూ ఉంటుంది గనుక మన చేతిలో సగటున ఉండేది అయిదు వేల పైచిలుకే. నిజమైన వడ్డీ 30 శాతం దరిదాపు. ఇక రోజువారీ ఫైనాన్సులో 10,000 అని రాసుకుని 8,500 చేతిలో పెట్టి, 100 రోజులు రోజుకు 100 వసూలు చేస్తే ఏడాది లెక్కన అది నూరు శాతం దాటుతుంది.

2022లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనలు కూడా గుర్తుంచుకోవాలి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం గల కుటుంబానికి సూక్ష్మరుణమిచ్చే బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు ఇవి వర్తిస్తాయి. అన్ని అప్పుల కంతులూ కలిపి నెల ఆదాయంలో సగానికి మించరాదు. హామీగా ఏదీ పెట్టుకోరాదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయరాదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు వేధించరాదు. తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో లోను కార్డు ఇవ్వాలి. ఆ కార్డు అడిగి తీసుకోవడం మన హక్కు.

జమాత్ ఏం చేయగలదు?

వడ్డీ నిషిద్ధమని మనందరికీ తెలుసు. కానీ అవసరంలో ఉన్నవాడికి ‘వడ్డీకి పోవద్దు’ అని చెప్పి చేతులు దులుపుకుంటే ఆ మాట అతడి కడుపు నింపదు. ఖురాన్ జకాత్‌కు అర్హులుగా చెప్పిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో మునిగినవారు ఒకరు. రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే కుదుటపడే దాకా గడువివ్వాలని, మాఫీ చేస్తే మరీ మేలని అల్ బఖరా సూరా బోధిస్తుంది. ఖురాన్‌లోకెల్లా పొడవైన ఆయత్ అప్పును రాతలో పెట్టుకోవడం గురించే ఉండటం ఆలోచించదగిన విషయం.

పొరుగున పాకిస్తాన్‌లో 2001లో డాక్టర్ అమ్జద్ సాఖిబ్ లాహోరులో ‘అఖువత్’ అనే సంస్థను ప్రారంభించారు. మొదట ఇచ్చింది పదివేల రూపాయల వడ్డీ లేని రుణం. అదే పెరిగి లక్షలాది కుటుంబాలకు చేరింది. అప్పులు మస్జిదులో, చర్చీలో పదిమంది ఎదుట అందజేస్తారు. అప్పు తీర్చినవారిలో ఎందరో తరువాత తామే దాతలయ్యారు. 2021లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు దక్కింది.

ఇంత పెద్దది కాకపోయినా మన ఊళ్లలో చిన్న ఖర్జె హసనా నిధిని నడపడం అసాధ్యం కాదు. ఊరి వ్యాపారులు, ఉద్యోగులు, కువైట్‌లో ఉన్న మన బిడ్డలు చందాగా ఇచ్చిన డబ్బుతో మొదలుపెట్టవచ్చు. అప్పు చిన్నదిగా ఉండాలి, కాగితం మీద ఉండాలి, ఇద్దరు సాక్షుల సంతకం ఉండాలి. కంతు తీసుకునేవాడి రాబడిని బట్టి ఉండాలి. టమోటా రైతుకు వారం కంతు పెట్టడం న్యాయం కాదు. తీర్చే స్తోమత బొత్తిగా లేని రోగికి, వితంతువుకు అప్పు ఇవ్వకూడదు, జకాత్, సదఖాల నుంచి సాయమే చేయాలి. ఈ రెండు ఖాతాలూ కలిపేస్తే రెండూ చెడతాయి. మూడు నెలలకొకసారి లెక్కలు జమాత్ ముందు చదవాలి. స్త్రీలకు కమిటీలో చోటుండాలి, ఎందుకంటే ఇంటి అప్పుల సంగతి వారికి తెలిసినంతగా మగవారికి తెలియదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దాచుకున్న సొమ్ముకు నెలనెలా లాభమిస్తామని ఎవరైనా వస్తే, హలాల్ అన్న మాట వినిపించినంత మాత్రాన నమ్మరాదు. 2019లో బెంగుళూరులో ఐఎంఎ సంస్థ కూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు పెళ్లి నగలు కూడా పోగొట్టుకున్నాయి. అనుమతి లేకుండా ప్రజల నుంచి డిపాజిట్లు సేకరించడం 2019 నాటి చట్టం ప్రకారం నేరం. సభ్యుల పొదుపుతో నిధి నడపదలిస్తే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవడం మంచిది.

పేద దేశాల అభివృద్ధి గురించి వాషింగ్టన్‌లో, జెనీవాలో సభలు జరుగుతూనే ఉంటాయి. అవి జరగనీయండి. హార్స్లీ కొండల కింద ఒక కుట్టుమిషను తల్లికి వచ్చే సోమవారం కంతు కట్టాలి. ఆమె ఎవరి దగ్గర చేయి చాచవలసి వస్తుందన్నది మన జమాత్ తేల్చవలసిన ప్రశ్న. ఈ జుమా నమాజు తరువాత పదిమంది కూర్చుని, మన వీధిలో ఎవరి మీద ఎంత అప్పు ఉందో, ఏ వడ్డీకి ఉందో, వారి పరువుకు భంగం రాకుండా తెలుసుకుంటే చాలు. మిగతా పని ఆ కాగితం మీదనే మొదలవుతుంది.