బీటా శృంఖలంలో ఆరవ స్థానం: హీమోగ్లోబిన్ నిర్మాణంపై ఒక పరిశీలన

ప్రోటీన్ ఆకృతిని అందులోని అమైనో ఆమ్లాల వరుసక్రమం నిర్ణయిస్తుందన్నది సుపరిచిత సూత్రం. అయితే ఆ వరుసలో ఒక అమైనో ఆమ్లం మారినప్పుడు, ఏది పోయిందన్న దానితోపాటు దాని చోటికి ఏది వచ్చిందన్నదీ పరిశీలించాలి. కొడవలి కణ వ్యాధి ఇందుకు స్పష్టమైన నిదర్శనం.

వయోజనుల హీమోగ్లోబిన్‌లో 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా శృంఖలాలు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా శృంఖలాలు రెండు ఉంటాయి. వ్యాధిగ్రస్తుల హీమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో భిన్నంగా చలిస్తుందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. 1956లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ ప్రోటీన్‌ను ట్రిప్సిన్‌తో ఖండించి, తేడా ఒకే ఒక్క ముక్కలో ఉందని కనుగొన్నాడు. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉందని మరుసటి ఏడాది ప్రకటించాడు. అది బీటా శృంఖలంలో ఆరవ స్థానం.

గ్లుటామిక్ ఆమ్లం ఋణావేశం కలది, నీటితో సఖ్యత గలది. వాలీన్ నీటికి విముఖం. ఆరవ స్థానం అణువు ఉపరితలంపై ఉన్నందున ఈ మార్పుతో ప్రోటీన్ మడత చెడదు. ఆక్సిజన్‌ను మోసే సామర్థ్యమూ పోదు. చిక్కు ఆక్సిజన్‌ను విడిచిన తరువాత మొదలవుతుంది. అప్పుడు అణువు రూపం మారి, బీటా శృంఖలంపై 85వ స్థానంలోని ఫినైల్ అలనిన్, 88వ స్థానంలోని లూసిన్‌ల వద్ద ఒక గుంట తెరుచుకుంటుంది. పొరుగు అణువులోని వాలీన్ అందులో ఒదిగిపోతుంది. ఇలా అణువులు వరుసగా అతుక్కొని పొడవైన పోగులు కాగా, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. సాధారణ హీమోగ్లోబిన్‌లోనూ ఆ గుంట ఉంది. అందులో ఇమిడేది మాత్రం లేదు.

అదే స్థానంలో లైసీన్ వస్తే ఏర్పడేది హీమోగ్లోబిన్-సి. ఋణావేశం పోయి ధనావేశం చేరింది కనుక ఆవేశపరంగా ఇది మరింత పెద్ద మార్పు. అయినా లైసీన్ ఆ గుంటలో ఇమడదు, అటువంటి పోగులు ఏర్పడవు. తల్లిదండ్రులిద్దరి నుండి ఈ జన్యువే సంక్రమించినా రక్తహీనత సాధారణంగా స్వల్పమే. కాబట్టి గ్లుటామిక్ ఆమ్లం లోపించడమే వ్యాధికి కారణమన్న వివరణ అసంపూర్ణం.

గర్భస్థ శిశువు హీమోగ్లోబిన్‌లో బీటాకు బదులు గామా శృంఖలాలుంటాయి. బీటాలో 87వ స్థానాన థ్రియోనిన్ ఉండగా, గామాలో గ్లుటమిన్ ఉంటుంది. పోగులు పెరగకుండా అడ్డుకోవడంలో ఈ తేడాకు ముఖ్యపాత్ర ఉంది. గామా శృంఖలాల ఉత్పత్తిని పెంచే హైడ్రాక్సీయూరియా ఔషధానికి ఇదే ఆధారం. పుట్టిన తొలి నెలల్లో వ్యాధి లక్షణాలు బయటపడకపోవడానికీ ఇదే కారణం. ఆ వయసులో ద్రావణీయత పరీక్ష ఫలితం నమ్మదగినది కాదు. ఆదిలాబాద్, విశాఖ మన్యం వంటి గిరిజన ప్రాంతాలలో ఈ వ్యాధి ఉంది గనుక, అక్కడి పసికందులకు ఎలక్ట్రోఫోరిసిస్ వంటి నిర్ధారణ పరీక్షలు అవసరం.